యుద్ధసాహిత్యంలో పరదేశపు నర్సు

చరకుడు చికిత్సకు నాలుగు పాదాలు చెప్పినాడు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు నిర్ణయించినాడు. పరిచారకునికి విధించిన గుణాలు ఇవి: ఉపచారజ్ఞత, దాక్ష్యం, భర్త యెడల అనురాగం, శౌచం. ఇక్కడ భర్త అనగా పరిచారకుడు ఎవని సేవలో ఉన్నాడో అతడు, అంటే రోగి. ఈ వరుస గమనింపదగినది. మొదటిది తెలివి, రెండవది నేర్పు; అనురాగం మూడవది. శుశ్రూష హృదయానికి సంబంధించిన పనియే గాని, అంతకు ముందే అది బుద్ధికీ చేతికీ సంబంధించిన పని అని ఈ వరుసవలన తోస్తుంది.

సాహిత్యం ఈ వరుసను తారుమారు చేసినది. యుద్ధాన్ని వస్తువుగా గైకొన్న నవలలలో నర్సు తరచుగా అనురాగమూర్తిగానే దర్శనమిస్తుంది. ఆమె తెల్లని దుస్తులు, చల్లని చేయి, రాత్రివేళ చేతిలోని దీపం పాఠకులకు గుర్తుండిపోతాయి. ఆమె ఏమి చదివినది, ఎక్కడ చదివినది, ఆ చదువును ఎవరు ఒప్పుకొన్నారు, ఎవరు త్రోసివేసినారు అను ప్రశ్నలు మాత్రం కథకు వెలుపలనే నిలిచిపోతాయి. ఆమె స్వదేశపు సేనలో ఉన్నంతవరకు ఈ లోపం అంతగా పైకి కనబడదు. ఒక దేశంలో విద్య నేర్చి మరొక దేశపు సైన్యంలో సేవ చేయబూనినప్పుడు ఆ ప్రశ్నలే కథ అవుతాయి. అట్టి స్త్రీలు స్వయంగా వ్రాసిన గ్రంథాలు కొన్ని ఉన్నవి. వానిని ప్రసిద్ధ నవలల ప్రక్కన పెట్టి చదివినప్పుడు, నవలాకారులు ఏమి జారవిడిచినారో స్పష్టపడుతుంది.

హెమింగ్వే 1929లో ప్రకటించిన 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' నవలలో కాథరిన్ బార్‌క్లీ బ్రిటిషు యువతి. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఇటలీ రణరంగానికి వచ్చి ఆస్పత్రిలో పనిచేస్తుంది. ఆమె పూర్తి శిక్షణ పొందిన నర్సు కాదు. స్వచ్ఛంద సేవాదళానికి చెందినది. ఆ సంగతి రచయిత ఆమె నోటనే చెప్పించినాడు. అది నిజాయితీయే. కాని ఆ ఒక్క మాటతో ఆ విషయం ముగిసిపోతుంది. ఆమెకు తెలిసినదేమి, తెలియనిదేమి అనునది తరువాతి కథను ఎక్కడను మలుపు త్రిప్పదు. తుదకు స్విట్జర్లండులో ప్రసవవేళ మరణించేది ప్రేయసియే గాని నర్సు కాదు. కథానాయకుని దుఃఖం పూర్ణం కావలెనంటే అంతే చాలునని నవలాకారుడు తలచినాడు.

శ్రీలంకలో పుట్టి కెనడాలో స్థిరపడిన మైకేల్ ఒండాట్జీ 1992లో వ్రాసిన 'ది ఇంగ్లిష్ పేషెంట్' ఇంతకంటె సూక్ష్మమైన రచన. ఇందులోని హానా టొరాంటోలో నర్సింగు నేర్చి, రెండవ ప్రపంచయుద్ధంలో ఇటలీకి వచ్చిన కెనడా యువతి. సేన ముందుకు సాగిపోయినను ఆమె సాగిపోదు. శరీరమంతా కాలిన ఒక్క రోగికోసం పాడుపడిన భవనంలో నిలిచిపోతుంది. కాలిన ఒంటిని కడిగేటప్పుడు, మత్తుమందు కొలిచి ఇచ్చేటప్పుడు ఆమె చేతులలోని నేర్పు పాఠకుని కంటికి కడుతుంది. ఐనను, హానా విద్యను ఎవరూ ప్రశ్నింపరు. ఆ నవలలో విద్యకు పరీక్ష జరిగేది మరొకనికి: బ్రిటిషు సేనలో బాంబులు నిర్వీర్యం చేసే సిక్కు యువకుడు కిర్పాల్ సింగుకు. ఇంగ్లండులో అతనిని పరీక్షించి ఎన్నుకొనుట, గురువు దగ్గర అతడు విద్య నేర్చుట, తెల్లవారి నడుమ తన నేర్పుతోనే నిలబడుట, చివరకు ఆ సేనను విడిచిపోవుట నవలలోని బలమైన ఘట్టాలు. పరాయి సేనలో తన విద్యను ఒప్పించుకోవలసివచ్చిన మనిషి కథ ఆ నవలలో ఉన్నది. కాని అది నర్సుకు దక్కలేదు, బాంబులు విప్పేవానికి దక్కినది. పురుషుని విద్య కథావస్తువగునని, స్త్రీ విద్య ఆమె దయలో కలిసిపోవునని ఇంత నిపుణుడైన రచయితకు కూడ తెలియకుండనే తోచినట్లున్నది.

దయలో కలిసిపోవుటకు ఒప్పుకోని స్త్రీ వ్రాసిన పుస్తకం అంతకు నూరేండ్లకు పైగా ముందే ఉన్నది. మేరీ సీకోల్ 1857లో లండనులో ప్రకటించిన స్వీయచరిత్ర 'వండర్‌ఫుల్ అడ్వెంచర్స్ ఆఫ్ మిసెస్ సీకోల్ ఇన్ మెనీ లాండ్స్' అది. ఆమె 1805లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టినది. తండ్రి స్కాట్లండుకు చెందిన సైనికుడు. తల్లి నల్లజాతి సంతతిలోని స్వతంత్రురాలు. వసతిగృహం నడుపుతూ, అక్కడికి జబ్బుపడి వచ్చే సైన్యాధికారులకు మందులిచ్చేది. బిడ్డ తన బొమ్మకు రోగాలు కల్పించి నయం చేయుటతో విద్యారంభం చేసినది. తరువాత కుక్కలు, పిల్లులు, ఆ తరువాత తన శరీరమే ఆమెకు పాఠ్యగ్రంథాలైనవి. 1850లో కింగ్‌స్టన్‌లోను, 1851లో పనామాలోని క్రూసెస్ అను ఊరిలోను కలరాతో తలపడినది. 1853లో జమైకాలో పీతజ్వరం చెలరేగినప్పుడు అక్కడి సైనిక శిబిరానికి నర్సులను సమకూర్చవలసినదని అధికారులే ఆమెను కోరినారు.

ఈ విద్యను ఆమె వర్ణించిన తీరులో ఆత్మస్తుతి కొంత ఉన్నది. కాని దానిని మించిన సత్యసంధత ఉన్నది. కలరాకు వాడిన సీసపు మందులు, పాదరసపు మందులు గురించి దాచక చెప్పినది. తొలినాళ్ళలో తాను చేసిన పొరపాట్లు తలచుకొంటే ఒళ్ళు జలదరిస్తుందని ఒప్పుకొన్నది. పనామాలో కలరాతో చనిపోయిన ఒక పసిబిడ్డ కళేబరాన్ని రహస్యంగా కోసి, రోగం లోపల ఏమి చేస్తున్నదో చూచినది. భావుకులకు ఈ ఘట్టం కటువుగా తోచవచ్చును. కాని ఉపచారజ్ఞత అనగా ఇదియే. తెలియని దానిని తెలుసుకోవలెనను తహతహ, తెలుసుకొన్నది మరునాడు వేరొక రోగికి పనికిరావలెనను కోరిక, ఈ రెండును ఆ కటువైన పేరాలో ఉన్నవి.

క్రిమియా యుద్ధం వచ్చినది. 1854 శరదృతువులో సీకోల్ లండను చేరి, నర్సుగా తనను పంపవలసినదని అర్థించినది. యుద్ధశాఖ కార్యాలయం మొదటి గుమ్మం. సేనా సరఫరాల కార్యాలయం, వైద్యశాఖ తరువాతివి. యుద్ధమంత్రి సిడ్నీ హెర్బర్టు ఇల్లు మరొకటి. నైటింగేల్ సహచరులలో ఒకామె దర్శనం, యుద్ధసహాయ నిధివారి దర్శనం ఆ తరువాతివి. ఎక్కడను ఆమెకు పని దొరకలేదు. పనామాలో ఒక గనుల కంపెనీ వైద్యాధికారి ఇచ్చిన యోగ్యతాపత్రం ఆమె దగ్గర ఉన్నది. కలరా, అతిసారం వంటి రోగాలతో ఆమెకున్న పరిచయం క్రిమియాకు అత్యవసరమైనదే. ఐనను ఆ చదువుకు లండనులో విలువ లేకపోయినది. చలికాలపు సాయంకాలం వీధిలో నిలిచి, తన చర్మపు రంగే ఇందుకు కారణమా అని ఆమె కన్నీరు పెట్టుకొన్నట్లు వ్రాసిన భాగం పుస్తకంలో అతి క్లుప్తమైన భాగాలలో ఒకటి. ఆ క్లుప్తతయే దానికి బలం. నిరాకరించిన వారిని ఆమె దూషింపలేదు. గుమ్మాలను వరుసగా లెక్కపెట్టి చూపినది. ఆ లెక్కయే అభియోగపత్రం.

ఆ తరువాత ఆమె సొంత ఖర్చుతో క్రిమియాకు ప్రయాణమైనది. దారిలో స్కుటారీలో నైటింగేల్‌ను చూచి, ఒక్క రాత్రికి పడక అడిగి, ఆస్పత్రి చాకలిస్త్రీ గదిలో నిద్రించినది. 1855లో బాలక్లావా దాపున దొరికిన కొయ్యతోను ఇనుపరేకులతోను 'బ్రిటిష్ హోటల్' కట్టించినది. అక్కడ భోజనం అమ్మినది, మందులిచ్చినది, తుపాకులు మ్రోగుతుండగా సంచి భుజాన వేసికొని యుద్ధభూమికి పోయినది. చెర్నాయా యుద్ధభూమిలో శత్రుపక్షపు రష్యను ఒకనికి నోటిలోని గుండు తీయబోగా, మరణవేదనలో వాని పండ్లు ఆమె వ్రేలిని కరచుకొన్నవి. ఆ మచ్చను గురించి ఆమె చెప్పిన మాటలలో రోషం లేదు. భర్త యెడల అనురాగం అనునది ఏ దేశపు దుస్తులు తొడిగినవాడను విచారణ లేకుండ పనిచేయుట ఇక్కడ చూడవచ్చును.

ఈ గ్రంథాన్ని సాహసగాథగా చదువుట వాడుక. కాని దీని నిర్మాణం చూస్తే, ఇది ఆదినుండి అంతమువరకు ఒక దరఖాస్తు. యుద్ధం 1856లో ముగియగా అప్పులపాలై లండనుకు తిరిగివచ్చిన స్త్రీ, 1854లో నిరాకరింపబడిన దరఖాస్తును ఈసారి దేశప్రజలకు సమర్పిస్తున్నది. అందుచేతనే నడిమి ప్రకరణంలో కథనం ఆగి, ఆమె సేవలు పొందినవారి లేఖలు, సేనా వైద్యాధికారుల యోగ్యతాపత్రాలు వరుసగా వస్తాయి. 'టైమ్స్' విలేఖరి రస్సెల్ వ్రాసిన పీఠిక కూడ ఒక సాక్ష్యమే. కథా సౌష్ఠవం దృష్ట్యా ఈ లేఖలు అడ్డుగోడలు. కాని అవి లేకున్న పుస్తకానికి ప్రాణం లేదు. పట్టా ఇవ్వదగిన సంస్థ ఏదియు తనను చేర్చుకోనప్పుడు, రోగులే సంస్థగా, వారి ఉత్తరాలే పట్టాగా ఆమె కూర్చుకొన్నది.

దరఖాస్తుకు దరఖాస్తు దోషాలు ఉన్నవి. అర్థించేవాడు దాతను నిందింపజాలడు. పనామాలో ఒక విందులో అమెరికను ఒకడు ఆమెను పొగడుతూ, ఆమె చర్మాన్ని తెల్లబరచగలిగితే బాగుండునని పలికినప్పుడు, ఆ రంగు తనకు అక్కరలేదని నిండుసభలో బదులు చెప్పగలిగిన స్త్రీ, బ్రిటిషు సేన విషయంలో మాత్రం కేవలం స్తుతిపాఠకురాలైనది. సైనికులు ఆమెకు కొడుకులు, అధికారులు వీరులు, యుద్ధం న్యాయమైనది. ఆకలితోను చలితోను సేన నశించిన ఆ యుద్ధపు పాలనాలోపాలు ఆమె కంటికి కనబడలేదని కాదు. చెప్పే హక్కు తనకు ఉన్నదని ఆమెకు తోచలేదు. ఆమె హాస్యం కూడ చాలచోట్ల లోపలికి రానిచ్చినందుకు చెల్లించిన సుంకంవలె ఉన్నది.

సీకోల్‌ను నర్సు అనవచ్చునా అని వాదం ఉన్నది. 2016లో లండనులో సెయింట్ థామస్ ఆస్పత్రి ఆవరణలో ఆమె విగ్రహం నెలకొల్పిన సందర్భంలో ఈ వాదం తీవ్రమైనది. ఆమె వ్యాపారం చేసినది, మద్యం అమ్మినది, ఆస్పత్రి నడపలేదు అనునవి ఒక పక్షంవారి మాటలు. నైటింగేల్ 1870లో తన అక్క భర్తకు వ్రాసిన ఆంతరంగిక లేఖలో, ఆమె దయాగుణాన్ని ఒప్పుకొంటూనే ఆ హోటలులోని త్రాగుడును ఆక్షేపించినది. ఇవి కొట్టివేయదగిన మాటలు కావు. ఆమెను నైటింగేల్‌కు ప్రతిమగా నిలిపి, ఒకరిని పెంచుటకు మరొకరిని తగ్గించుట చరిత్రకు మేలు చేయదు. కాని ఈ వాదంలో ఒక్క విషయం మరుగున పడుతున్నది. ఆమె హోటలు పెట్టినది ఆస్పత్రి తలుపు మూసినందువలన. తలుపు మూసి, వెలుపల ఎందుకున్నావని ప్రశ్నించుట న్యాయం కాదు.

ఆ యుద్ధం తరువాతనే నర్సు విద్యకు పట్టా ఏర్పడినది. సెయింట్ థామస్ ఆస్పత్రిలోనే 1860లో నైటింగేల్ పాఠశాల ఆరంభమైనది. ఆ పట్టాతో పరాయిదేశం పోవుట ఒక దిక్కున సులభమైనది. 1888లో ఇంగ్లండునుండి శిక్షణ పొందిన పదిమంది నర్సులు బొంబాయిలో దిగినారు. భారతదేశంలోని సైనిక నర్సింగు చరిత్ర వారితోనే మొదలగును. వారును పరదేశపు విద్యతో వచ్చినవారే. కాని పాలించే దేశపు పట్టాను పాలితదేశం పరీక్షింపలేదు. జమైకా విద్య లండనులో చెల్లలేదు. లండను విద్య బొంబాయిలో అడుగకుండనే చెల్లినది. విద్యకు విలువ కట్టే తక్కెడ ఎవరి చేతిలో ఉన్నదో ఈ రెండు ప్రయాణాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

పట్టా కలిగి పరాయిసేనలో చేరిన స్త్రీ ఏమి వ్రాయగలదో ఎలెన్ లా మాట్ చూపినది. ఆమె అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ నర్సింగు పాఠశాలలో 1902లో ఉత్తీర్ణురాలైనది. బాల్టిమోర్ నగరంలో క్షయరోగుల సేవలో అనుభవం గడించి, ఆ శుశ్రూషకు కావలసిన అర్హతలను గురించి శాస్త్రగ్రంథమే వ్రాసినది. 1915లో ఫ్రాన్సు చేరి, బెల్జియంలో యుద్ధరంగానికి కొద్ది మైళ్ళ దూరంలోని ఫ్రెంచి సైనిక చికిత్సాలయంలో పనిచేసినది. ఆ అనుభవంనుండి పుట్టిన చిన్న చిన్న చిత్రాల సంపుటి 'ది బ్యాక్‌వాష్ ఆఫ్ వార్' 1916లో అమెరికాలో వెలువడినది. ఇంగ్లండు, ఫ్రాన్సు దానిని రానీయలేదు. అమెరికా యుద్ధంలో దిగిన పిమ్మట 1918లో అక్కడను విక్రయం ఆగిపోయినది. మరల 1934లో గాని అది పాఠకులకు దొరకలేదు.

మొదటి చిత్రం పేరు 'వీరులు'. యుద్ధం భరింపలేక ఒక సైనికుడు నోటిలో పిస్తోలు పేల్చుకొంటాడు, చావడు. వానిని ఆస్పత్రికి తెస్తారు. చట్టం ప్రకారం వానిని బ్రతికించవలెను. బ్రతికిన తరువాత సైనిక న్యాయస్థానంలో నిలబెట్టి కాల్చివేయవలెను. నర్సు తన నేర్పునంతయు ఉపయోగించి ఆ గాయం మాన్పవలసి ఉన్నది. ఆమె ఆలోచన అక్కడితో ఆగదు. మిగిలిన మంచాలమీది వీరులను మాన్పి మరల కందకాలకు పంపుటకూ దీనికీ ఎంత భేదమున్నది అను ప్రశ్న నెమ్మదిగా లేస్తుంది. మరొక చిత్రంలో శస్త్రవైద్యుని అద్భుత నైపుణ్యంవలన ఒక యువకుడు కాలుసేతులు లేక, కన్నులు లేక బ్రతికి తండ్రి ఇంటికి చేరుతాడు. తనను చంపుమని తండ్రిని వేడుకొంటాడు. దాక్ష్యానికి ఇంత భయంకరమైన విజయచిత్రం మరొకటి అరుదు.

చరకుడు చెప్పిన భర్త ఎవడు అను ప్రశ్నను లా మాట్ ఈ విధంగా నిలదీసినది. మంచంమీది రోగియా, జీతమిచ్చే సేనయా? ఇద్దరి మేలు ఒకటైనంతవరకు ప్రశ్న పుట్టదు. ఇద్దరి మేలు వేరైనప్పుడు అనురాగం ఎటు పోవలెను? సీకోల్‌కు ఈ ప్రశ్న లేదు. ఆమె సేనలోనికి రావలెననియే తపించినది. లా మాట్ లోపల ఉన్నది. ఆమె విద్యను ఎవరూ శంకింపలేదు. ఆ దేశం ఆమెది కాదు గనుక ఆ దేశపు వీరపూజలో ఆమెకు భాగం లేదు. ఈ రెండును కలియుటచేతనే ఆమె చూపు అంత నిశితమైనది. తెలివికి ఒప్పుదల లభించినప్పుడే కాదనే హక్కు కూడ లభిస్తుందనుటకు ఈ రెండు పుస్తకాల నడుమనున్న అంతరమే నిదర్శనం. పట్టా ఉద్యోగానికి మాత్రమే తాళపుచెవి కాదు. సాక్ష్యానికి కూడ అదే తాళపుచెవి.

ఆమె రచనలో లోపం లేకపోలేదు. వ్యంగ్యం కొన్నిచోట్ల రోగులమీదికి కూడ ప్రసరించి, వారిని ఉదాహరణలుగా మార్చివేస్తుంది. ఆ ఆస్పత్రికి ధనమిచ్చి నిర్వహించిన మేరీ బార్డెన్ కూడ అమెరికను స్త్రీయే. నర్సు విద్య ఆమెకు లేదు. 1929లో ఆమె ప్రకటించిన 'ది ఫర్బిడెన్ జోన్'లో లా మాట్‌కు లేని ఆర్ద్రత, కావ్యగుణం ఉన్నవి. కాని గాయం ఎక్కడ, అది ఎట్లు కుళ్ళుతుంది, ఎన్ని దినాలలో మనిషి పోతాడు అను విషయాలలో లా మాట్ వాక్యం చూపే నిబ్బరం శిక్షణవలన వచ్చినది. విద్య శైలిని కూడ నిర్మిస్తుందని విమర్శకులు గుర్తింపవలెను.

భారతదేశంలో ఇటువంటి కథకు లోకప్రసిద్ధమైన ఉదాహరణ నర్సుది కాదు, వైద్యునిది. షోలాపూరులో పుట్టిన ద్వారకానాథ్ కోట్నీస్, బొంబాయిలో వైద్యం చదివి, 1938లో కాంగ్రెసు పంపిన అయిదుగురు వైద్యులలో ఒకడుగా చైనా పోయినాడు. 1942లో అక్కడనే మరణించినాడు. ఆయనను గురించి ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ వ్రాసిన 'అండ్ వన్ డిడ్ నాట్ కం బ్యాక్' 1944లో వెలువడినది. శాంతారాం చలనచిత్రం 1946లో వచ్చినది. చైనా సేన ఆయన పట్టాను శంకింపలేదు. అవసరం అంత గొప్పది, పిలిచినవారు వారే. ఆయన భార్య గువో చింగ్లాన్ నర్సింగు బోధించిన విద్యావంతురాలు. చిత్రంలో ఆమె విద్యకంటె ఆమె విరహమే ప్రేక్షకునికి మిగులుతుంది. హెమింగ్వే చేసిన పనినే ఇక్కడను చేసినారు.

ఈ వస్తువు నేడు పాతబడలేదు. అమెరికా సైన్యంలో నర్సు కాగోరిన వలస స్త్రీ దాటవలసిన మెట్లు చూచినచో, సీకోల్ లెక్కపెట్టిన గుమ్మాలు జ్ఞప్తికి వస్తాయి. విదేశంలో పొందిన పట్టా అక్కడి పట్టాతో సమానమా అని పరిశీలన జరుగవలెను. ఇందుకొరకే 1977లో ఫిలడెల్ఫియాలో ఒక సంస్థ ఏర్పడినది. పిమ్మట ఎన్‌క్లెక్స్ పరీక్ష, రాష్ట్రప్రభుత్వపు లైసెన్సు. 1901లో ఏర్పడిన సైనిక నర్సుల దళంలో రిజిస్టర్డు నర్సు అధికారి హోదాలో చేరుతుంది. నిత్యసేనలో అట్టి హోదాకు అమెరికా పౌరసత్వం ఉండవలెను. రిజర్వు సేనలో శాశ్వత నివాసానుమతి గలవారికి చట్టం కొంత చోటిచ్చినది. అట్టి అనుమతి గలవారు సామాన్య సైనికులుగా చేరవచ్చును గాని, అప్పుడు నర్సింగు పట్టా పెట్టెలో ఉండి, చేతికి చిన్న పని వస్తుంది. 2008లో అనుమతి పొందిన ఒక పథకం, శాశ్వత నివాసానుమతి లేని వలసదారులలో వైద్యవిద్య గలవారిని కూడ చేర్చుకొన్నది. 2016లో అది నిలిచిపోయినది.

ఈ నియమాలను అన్యాయమని ఒక్కమాటతో త్రోసివేయరాదు. రోగి ప్రాణం పరిచారిక తెలివిమీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ తెలివిని పరీక్షించుట రోగికి రక్షణ. సీకోల్ తానే ఒప్పుకొన్న పొరపాట్లు ఇందుకు సాక్ష్యం. కాని తెలివిని పరీక్షించుట వేరు. జన్మనూ రంగునూ పరీక్షించుట వేరు. మొదటిదానికి 1854లో లండనులో పరీక్షయే జరుగలేదు. జరిగినట్లయిన ఆమె నెగ్గియుండునో ఓడియుండునో ఎవరూ చెప్పలేరు. నేడు పరీక్ష ఉన్నది, అందరికీ ఒక్కటే. అది పురోగతియే. ఐనను ఇరువది ఏండ్లు రోగుల మధ్య గడిపిన స్త్రీ మరల విద్యార్థినియై బల్లముందు కూర్చున్నప్పుడు ఆమె మనస్సులో ఏమి జరుగునో ఏ నియమావళియు చెప్పదు. అది సాహిత్యం చెప్పవలసిన మాట.

భారతీయ స్త్రీకి ఇందులో మరొక చిక్కు ఉన్నది. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరింపదు. అమెరికా సైన్యపు అధికారిహోదాకోసం అక్కడి పౌరసత్వం స్వీకరించిన నాడు ఆమె భారత పౌరురాలు కాకుండపోతుంది. పూర్వపు విధేయతను విడుచుచున్నానని ఒక ప్రమాణం. సేనాధికారిగా రాజ్యాంగాన్ని కాపాడుదునని ఇంకొక ప్రమాణం. నర్సుగా రోగికి ఇచ్చుకొన్న మాట అంతకు ముందే ఉన్నది. ఈ మూడు మాటలు ఒకే నోట పలికిన స్త్రీ ఏనాడో ఒకనాడు లా మాట్ ప్రశ్నకు ఎదురుపడక తప్పదు.

తెలుగు కథానికకు, నవలకు ఈ స్త్రీ దాదాపు అపరిచిత. తెలుగులో వైద్యుడు ఎన్నడో నాయకుడైనాడు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అను పేరుతో చలనచిత్రమై ఇంటింటికీ చేరినది. వైద్యుని ప్రక్కన నర్సు నిలిచియే ఉన్నది. ఆమెను పిలుచుటకు తెలుగువారు వాడిన మాటలే ఆమె స్థానాన్ని చెబుతున్నవి. దాది అనగా పెంచినది. పరిచారిక అనగా సేవకురాలు. వీనిలో విద్యను సూచించే మాట లేదు. ఊరిలో జనం 'నర్సమ్మ' అని పిలుచుటలో గౌరవం ఉన్నది; అది తల్లికి ఇచ్చే గౌరవమే. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు కథలు విరివిగా వ్రాసినారు, సంపుటాలు వచ్చినవి. ఇంజనీరు ఉద్యోగం, కన్నవారి ఒంటరితనం, పిల్లల భాష వానిలో మరల మరల వచ్చిన వస్తువులు. తెలుగునాట నర్సింగు చదివి గల్ఫు దేశాలకు, బ్రిటనుకు, అమెరికాకు పోయిన స్త్రీలు ఉన్నారు. వారి పట్టా ప్రయాణం కథగా వచ్చుట అరుదు.

ఆ కథ వ్రాయబూనిన రచయితకు పై పుస్తకాలనుండి గ్రహింపదగినది ఒకటి ఉన్నది. కథను గాయపడిన సైనికుని మంచం దగ్గర ఆరంభిస్తే, చేయి తిరిగిన రచయితకు కూడ అది అనురాగకథ అయిపోతుంది. ఆ దారి బాగా నడిచి అరిగినది. దానిని దరఖాస్తు దగ్గర ఆరంభించవలెను. పాత కళాశాలనుండి మార్కుల పత్రంకోసం ఎదురుచూచుట, ఒక దేశపు పాఠ్యాంశం మరొక దేశపు గంటలలోనికి మారుట, పరీక్ష, ప్రమాణం, దుస్తులు, అప్పుడు మంచం. ఇంత దూరం నడిచివచ్చిన చేయి రోగి నుదుటిని తాకినప్పుడు, అది చల్లని చేయి మాత్రమే కాదు, తెలిసిన చేయి అని పాఠకునికి తోచవలెను. ఆ తరువాత ఆమె ఎవరిని భర్తగా ఎంచుకొన్నది, రోగినా సేననా అను ప్రశ్న తానుగా పుడుతుంది. దానికి జవాబు చెప్పే హక్కు ఆమెకు ఉంటుంది.

చరకుని వరుసను సాహిత్యం తిరిగి సరిదిద్దుకోవలసి ఉన్నది. అనురాగం తగ్గవలెనని కాదు. తెలివినీ నేర్పునూ విడిచిన అనురాగం పాత్రను పూజాపీఠం ఎక్కించి, మాటాడనీయదు. మేరీ సీకోల్ రోగుల ఉత్తరాలు గుదిగుచ్చి తన తెలివిని లోకంచేత ఒప్పించుకొన్నది. ఎలెన్ లా మాట్ ఒప్పుదల గల తెలివితో లోకాన్ని ప్రశ్నించినది. మూడవ పుస్తకం ఇంకను వ్రాయవలసి ఉన్నది. అది తెలుగులో రాగూడదనుటకు కారణమేదియు లేదు.